హారియర్ ఈవీ కొనాలనుకునే హైదరాబాద్ కుటుంబాలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

టాటా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ హారియర్ ఈవీ 2025 జూన్ 3న విడుదలైంది. పెద్ద బండి కావాలి, డీజిల్ మాత్రం వద్దు అనుకునే కుటుంబాలు అప్పటి నుంచి అడుగుతున్న ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. వాటికి జవాబులు ఇక్కడ రాశాను. కార్ల ధరలన్నీ విడుదలైనప్పటి ఎక్స్‌షోరూమ్ ధరలు. బుక్ చేసే ముందు షోరూమ్‌లో ఆ రోజు కొటేషన్ రాయించుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పార్కింగ్‌లో ఒక ప్లగ్ పాయింట్ పెట్టుకోగలిగితే ఈ నగరంలో కుటుంబానికి ఇంత సుఖమైన బండి దొరకడం కష్టం. పెట్టుకోలేకపోతే, ఆ సంగతి తేలేదాకా బుకింగ్ ఆపండి.

ఏ వేరియంట్లు ఉన్నాయి? ఎంత పడుతుంది?

బ్యాటరీలు రెండు: 65 కిలోవాట్ అవర్, 75 కిలోవాట్ అవర్. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్, కాబట్టి ఇకపై యూనిట్లు అనే రాస్తాను. 65 యూనిట్ల బండి 21.49 లక్షల దగ్గర మొదలైంది. 75 యూనిట్ల బ్యాటరీ ఫియర్‌లెస్ ప్లస్‌లో 24.99 లక్షలు, ఎంపవర్డ్‌లో 27.49 లక్షలు. ముందొక మోటారు, వెనకొక మోటారుతో నాలుగు చక్రాలూ తిరిగే క్వాడ్ వీల్ డ్రైవ్ 28.99 లక్షలు. ఇంటి గోడకు బిగించే 7.2 కిలోవాట్ల (గంటకు 7.2 యూనిట్లు ఇచ్చే) ఛార్జర్ ఈ ధరలో లేదు, దానికి విడిగా 49 వేలు.

నగరంలో ఉండే కుటుంబానికి క్వాడ్ వీల్ డ్రైవ్ అవసరం లేదు. వెనక చక్రాల మోటారే 238 హార్స్‌పవర్ ఇస్తుంది, ఐదుగురు ఎక్కినా లాగుతుంది. ఆ డబ్బు మిగుల్చుకుని, బ్యాటరీ మాత్రం మీ తిరుగుడును బట్టి ఎంచుకోండి. ఊళ్లకు ఎక్కువ తిరిగేవాళ్లు 75, రోజూ ఆఫీసు, స్కూలు, ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు చేసేవాళ్లు 65 తీసుకుంటే చాలు.

ఆన్‌రోడ్ ధరలో డీజిల్ బండికీ దీనికీ తేడా ఎంత?

తెలంగాణలో ఇదే పెద్ద విషయం. 2024 నవంబరులో వచ్చిన జీవో 41 ప్రకారం, 2026 డిసెంబరు 31 లోపు రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 22 లక్షల పెట్రోలు లేదా డీజిల్ కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తగ్గదు. అంటే ఒక్క పన్ను కిందే దాదాపు నాలుగు లక్షలు. అందుకే షోరూమ్ ధరలో ఈవీ ఖరీదెక్కువగా కనిపించినా, ఆన్‌రోడ్ దగ్గరికి వచ్చేసరికి రెండూ పక్కపక్కన నిలబడతాయి. బుకింగ్ తేదీనో డెలివరీ తేదీనో కాదు, రిజిస్ట్రేషన్ తేదీ లెక్క. డెలివరీ ఆలస్యమయ్యేలా ఉంటే ఈ గడువు గుర్తు పెట్టుకోండి.

జీఎస్టీ కూడా ఈవీలకు 5 శాతమే. పెద్ద పెట్రోలు, డీజిల్ ఎస్‌యూవీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఈ తేడా ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

కొటేషన్‌లో ఇంకో రెండు చూడండి. ధర పది లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) వేస్తారు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ దాఖలు చేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఏమైనా రాసి ఉంటే అది ఎందుకో అడిగి తీసేయించండి, అది ప్రభుత్వానికి కట్టేది కాదు.

ఈవీ లోన్ వడ్డీ మీద లక్షన్నర ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. 80ఈఈబీ సెక్షన్ కింద ఇచ్చిన ఆ వెసులుబాటు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. కొత్తగా కొనేవాళ్లకు అది లేదు.

ఒకసారి ఛార్జ్ చేస్తే నిజంగా ఎంత దూరం వస్తుంది?

సర్టిఫికెట్ మీద ఉన్న రేంజ్ 75 యూనిట్ల బండికి 627 కిలోమీటర్లు, 65 యూనిట్లకు 538. ఇవి ల్యాబ్ లెక్కలు. కంపెనీయే మామూలు వాడకంలో వస్తుందని చెప్పే రేంజ్ 75కి 480 నుంచి 505 కిలోమీటర్లు. నేనైతే ఇంకొంచెం తగ్గించి లెక్కేసుకోమంటాను. నగరంలో యూనిట్‌కు 6 కిలోమీటర్లు, హైవే మీద మే నెల ఎండలో ఏసీ వేసుకుని నలుగురితో 90-100 స్పీడులో వెళ్తే యూనిట్‌కు 5.3 కిలోమీటర్లు. ఆ లెక్కన హైవే మీద 75 యూనిట్ల బండికి 400, 65కి 340 కిలోమీటర్లు. ఈ అంకెలు పట్టుకుని ప్లాన్ చేస్తే దారిలో టెన్షన్ ఉండదు.

పెట్రోలు కార్ల నుంచి వచ్చేవాళ్లకు ఒకటి కొత్తగా అనిపిస్తుంది. ఈ బండికి మైలేజీ ట్రాఫిక్‌లోనే బాగుంటుంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా పాకుతూ వెళ్లినా బ్రేక్ వేసిన ప్రతిసారీ మోటారు జనరేటర్‌లా మారి కొంత కరెంటు వెనక్కి పంపుతుంది. ఆగి ఉన్నప్పుడు ఏసీకి తప్ప ఖర్చే లేదు. ఔటర్ ఎక్కి 120 పట్టుకున్నారా, అప్పుడు కరుగుతుంది బ్యాటరీ. గాలి అడ్డుకునే బలం వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 120కి వెళ్తే ఆ బలం 1.78 రెట్లవుతుంది. ఔటర్ మీద స్పీడ్ లిమిట్ 120 అని ఉందే కానీ అంత వేగంతో వెళ్లాలని ఎక్కడా లేదు.

మాది అపార్ట్‌మెంట్. ఛార్జింగ్ ఎలా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కారు చూడటానికి వెళ్లకముందే మీ అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

మీ మీటరు బోర్డు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు ఎంత దూరం లాగాలో కొలిపించండి. మామూలు 16 ఆంప్స్ సాకెట్‌కైతే కనీసం 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, 32 ఆంప్స్ ఛార్జర్‌కైతే 6 స్క్వేర్ ఎంఎం వేయించండి. దూరం ఎక్కువైతే ఇంకా లావుది. దానికి విడిగా ఒక ఎంసీబీ (లోడ్ మించితే లైను ఆపేది), ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) పెట్టించాలి. ఇంకే వస్తువునూ ఆ లైనుకు తగిలించకండి.

తర్వాత ఎర్తింగ్. పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఫ్రిజ్, గీజర్ ఎర్తింగ్ సరిగా లేకపోయినా నడిచిపోతాయి. కారు నడవదు. ఎర్త్ సరిగా అందకపోతే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఛార్జింగ్ మొదలే కాదు. అది బండి లోపం కాదు, మనల్ని కాపాడటానికే అలా పెట్టారు. అవసరమైతే కొత్త ఎర్త్ పిట్ తవ్వించుకోండి, కొన్ని వేలతో అయిపోయే పని.

మొదటిసారి సాకెట్‌లో పెట్టి గంట గడిచాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, దాని పిన్నుల దగ్గర చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ పనికిరాదు, పారిశ్రామిక రకం సాకెట్ మార్పించండి. గీజర్ పావుగంట నడుస్తుంది, కారు పది గంటలు నడుస్తుంది. ఆ తేడా సాకెట్‌కు తెలుస్తుంది.

అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈవీ యజమాని తన ఇంట్లో ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చు, కావాలంటే విడిగా కనెక్షన్ అడగొచ్చు. దాని ప్రింటు తీసుకెళ్లి సెక్రటరీ గారి చేతికివ్వండి. కానీ చట్టం మాట ముందు ఎత్తకండి. వాళ్ల భయాలు రెండే: కామన్ మీటరు మీద పడుతుందేమోనని, సెల్లార్‌లో మంటలొస్తాయేమోనని. మొదటిదానికి మీ మీటరు నుంచే వైరు వస్తోందని చూపించండి. రెండోదానికి బ్యాటరీ గురించి కింద రాసిన జవాబు చదివి వినిపించండి. ఇంకో ఇద్దరు ఫ్లాట్ ఓనర్లకు ఈవీ కొనే ఆలోచన ఉందేమో కనుక్కుని, ముగ్గురూ కలిసి అడగండి. కలిసి అడిగినప్పుడు పని తొందరగా అవుతుంది.

ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుంది?

16 ఆంప్స్ సాకెట్‌లో గంటకు దాదాపు మూడు యూనిట్లు. రాత్రి తొమ్మిదికి పెడితే ఉదయం ఏడుకు 160 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లొచ్చేవాళ్లకు ఇది వారానికి రెండు రాత్రుల పని. నిజం చెప్పాలంటే చాలామందికి 7.2 కిలోవాట్ల ఛార్జర్ అక్కరే లేదు. అది పెడితే ఖాళీ బ్యాటరీ పది పదకొండు గంటల్లో నిండుతుంది. అయితే దానికి ఇంటి కనెక్టెడ్ లోడ్ (కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) పెంచమని కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, డిపాజిట్ కట్టాలి.

హైవే మీద ఉండే డీసీ ఛార్జర్ల, అంటే ఫాస్ట్ ఛార్జర్ల సంగతి వేరు. బ్రోషర్‌లో 20 నుంచి 80 శాతానికి 25 నిమిషాలని ఉంటుంది. అది 120 కిలోవాట్ల ఛార్జర్ దొరికితేనే. మీరు వెళ్లేది 60 కిలోవాట్లదైతే ముప్పావు గంట నుంచి యాభై నిమిషాలు, 30ది అయితే గంటన్నర. యాప్‌లో ఛార్జర్ ఉందా లేదా అన్నది కాదు, ఎన్ని కిలోవాట్లదో చూసుకుని ఆగండి. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గుతుంది, అక్కడ ప్లగ్ తీసేసి బయల్దేరడమే మంచిది. వెనక ఇంకొకరు ఎదురుచూస్తుంటారు కూడా.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. 200 యూనిట్లు కావాలి, ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుంటే 220. మీ ఇంటి వాడకం ఇప్పటికే 400 యూనిట్ల దగ్గరుంటే పైన పడేదంతా యూనిట్‌కు తొమ్మిదిన్నర రూపాయల స్లాబులోకి వెళ్తుంది. అయినా రెండు వేల నూరు రూపాయలే. అంతే దూరానికి లీటరుకు 11 ఇచ్చే పెట్రోలు ఎస్‌యూవీకి 109 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన 11 వేల పైచిలుకు.

స్లాబుల బాధ వద్దనుకుంటే ఈవీ ఛార్జింగ్‌కు విడి కేటగిరీలో ఇంకో మీటరు తీసుకోవచ్చు, దానికి స్లాబులు లేని ఒకటే రేటు. ఇండిపెండెంట్ ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం సోలార్ గురించి ఆలోచించండి. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78 వేల సబ్సిడీ ఉంది. ఎండ బాగా కాసే మన దగ్గర అవి నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. కారుకు పోను ఇంటికీ మిగులుతుంది.

బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతకాలంటే ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడ యూనిట్ 20 రూపాయల చుట్టూ ఉంటుంది, పైగా 18 శాతం జీఎస్టీ. ఖర్చు రెట్టింపు దాటుతుంది, సమయమూ పోతుంది. ప్లగ్ పాయింట్ గురించి మొదట్లోనే అంతగా చెప్పింది ఇందుకే.

విజయవాడ, శ్రీశైలం, తిరుపతి వెళ్లగలమా?

విజయవాడ 275 కిలోమీటర్లు. ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరితే రెండు బ్యాటరీలకూ ఆగకుండా అందుతుంది. సూర్యాపేట దగ్గర ఎలాగూ టిఫిన్‌కు ఆగుతాం, అక్కడ ఇరవై నిమిషాలు పెట్టుకుంటే ఊళ్లో తిరగడానికి కూడా ఉంటుంది. సంక్రాంతి ముందురోజు మాత్రం ఛార్జర్ల దగ్గర క్యూ తప్పదు. అప్పుడు సూర్యాపేటను నమ్ముకోకుండా నేరుగా ఊరు చేరి అక్కడి సాకెట్‌లో రాత్రంతా పెట్టుకోండి. సంక్రాంతికి వెళ్లే ఊరింట్లో కూడా ఎర్తింగ్ చూపించి ఒక 16 ఆంప్స్ పాయింట్ ముందే వేయించండి.

శ్రీశైలం దారి వేరు. కల్వకుర్తి, డిండి దాటాక మన్ననూరు నుంచి అంతా అమ్రాబాద్ అడవి. ఆ దారిలో ఛార్జర్ మీద ఆశ పెట్టుకోవద్దు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి గేటు మూసేస్తారు, కాబట్టి ఛార్జింగ్ కోసం ఆలస్యమైతే గేటు దగ్గర తెల్లవారేదాకా ఉండాలి. ఒకవైపు 215 కిలోమీటర్ల చుట్టూ, రానుపోను 430. 75 యూనిట్ల బండికైనా మధ్యలో ఒకసారి పెట్టాలి. వెళ్లేటప్పుడు అడవికి ముందే పెట్టుకోండి, లేదా శ్రీశైలంలో బస చేసే చోట ప్లగ్ ఉందో లేదో ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

ఘాట్ ఎక్కితే బ్యాటరీ అయిపోతుందని భయపడేవాళ్లకు ఒక లెక్క. మనుషులు, సామాన్లతో రెండున్నర టన్నులు దాటే ఈ బండి 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా తీసుకునేది రెండు, రెండున్నర యూనిట్లే. దిగేటప్పుడు అందులో సగానికి పైగా వెనక్కి వస్తుంది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు మలుపులు దిగుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, బండి తనంతట తాను నెమ్మదిస్తుంది, స్క్రీన్ మీద శాతం తగ్గడం ఆగిపోతుంది. బ్రేకులు వేడెక్కిన వాసన లేని ఘాట్ ప్రయాణం వెనక సీట్లో వాంతులయ్యే పిల్లలున్నవాళ్లకు వరమే.

తిరుపతికి కర్నూలు మీదుగా 560 కిలోమీటర్లు. కర్నూలులో ఒకసారి, కడప దగ్గర ఒకసారి ఆగేలా ప్లాన్ చేసుకోండి. డీజిల్ బండి కంటే గంట, గంటన్నర ఎక్కువ పడుతుంది. రాత్రికి రాత్రి వెళ్లి తెల్లారి దర్శనం చేసుకునే అలవాటున్నవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

అమ్మానాన్నలకు సౌకర్యంగా ఉంటుందా?

ఇంజను అదురు, చప్పుడు లేకపోవడం వాళ్లకే ఎక్కువ హాయి. వెనక మల్టీలింక్ సస్పెన్షన్ పెట్టారు, గతుకులు బాగానే మింగుతుంది. కానీ బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి ఈవీలలో కూర్చున్నప్పుడు మోకాళ్లు కాస్త పైకి లేస్తాయి. తొడల కింద సీటు ఆనకపోతే రెండు గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లి వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టండి. ఎక్కడం దిగడం ఆమెతోనే చేయించండి. వద్దని ఆమె అంటే సైడ్ స్టెప్ పెట్టించడమో ఇంకో బండి చూడటమో చేయండి.

డిక్కీ 502 లీటర్లు, ముందు బానెట్ కింద ఇంకో 67 లీటర్ల చోటు. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు వచ్చినా సరిపోతుంది.

మేము ఆరుగురం. ఏడు సీట్లు కావాలి.

హారియర్ ఈవీ ఐదుగురికే. ఏడు సీట్లలో కియా కారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జూలైలో, మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఎస్ అదే ఏడాది నవంబరులో వచ్చాయి. వాటిని చూడండి.

మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈతో పోలిస్తే?

పోటీ దీనితోనే. అందులో 59, 79 యూనిట్ల బ్యాటరీలు, 663 లీటర్ల డిక్కీ, డ్యాష్‌బోర్డు పొడవునా మూడు స్క్రీన్లు. పెద్ద బ్యాటరీది 175 కిలోవాట్ల దాకా ఛార్జింగ్ తీసుకుంటుంది. వేగం, హంగు ఎక్కువ. కానీ పొడవు 4,789 మిల్లీమీటర్లు. హారియర్ 4,607. ఈ జానెడు తేడా హైవే మీద తెలియదు, సెల్లార్‌లో తెలుస్తుంది. కూపే ఆకారం వల్ల వెనక పైకప్పు వాలుగా ఉంటుంది, పొడుగ్గా ఉన్నవాళ్లు కూర్చుని చూసుకోవాలి. నిటారుగా కూర్చునే పెద్దవాళ్లుంటే నా ఓటు హారియర్‌కే.

బడ్జెట్ ఇరవై లోపే అయితే హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ ఉంది, చిన్న కుటుంబానికి చాలు.

బ్యాటరీ ఎన్నేళ్లొస్తుంది? మంటల భయం లేదా?

ఇందులో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. నికెల్, కోబాల్ట్ ఉండవు. బరువెక్కువ, కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జ్ చేసినా త్వరగా నీరసపడదు. చుట్టూ కూలెంట్ తిరుగుతూ చల్లబరుస్తుంది. ప్రమాదం ఎప్పటికీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ స్కూటర్ మంటల వీడియోలు చూసి ఈ బ్యాటరీని అదే గాటన కట్టడం సరికాదు. భయపడాల్సింది నాసిరకం సాకెట్, సన్నటి వైరు గురించి.

ప్రైవేటుగా కొన్న మొదటి యజమానికి బ్యాటరీ మీద లైఫ్‌టైమ్ వారంటీ ఉంది. లైఫ్‌టైమ్ అంటే రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. కంపెనీ పేరు మీద తీసుకుంటే, లేదా అమ్మేస్తే షరతులు మారతాయి, అందుకే వారంటీ కాగితం మొత్తం చదవండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో డీజిల్ ఇన్నోవా పలికే ధర దీనికి పలుకుతుందని నేను చెప్పలేను. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకే ఇది లాభం.

వానాకాలం నీళ్లలో?

600 మిల్లీమీటర్ల లోతు దాకా దాటగలదని కంపెనీ చెబుతోంది. మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయంటే లోతెంతో మనకు కనిపించదు. ఏ బండైనా సరే, అక్కడ వెనక్కి తిప్పండి.

భద్రత?

భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు. పెద్దల రక్షణలో 32కి 32, పిల్లల రక్షణలో 49కి 45. ఈ మార్కులు బెల్టు పెట్టుకున్నవాళ్లకే. వెనక సీట్లో కూడా.

ఇన్సూరెన్స్, సర్వీసు?

65 కిలోవాట్ల మోటారు దాటిన కొత్త ఈవీకి మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 20,907 రూపాయలు. పెద్ద ఎస్‌యూవీలన్నీ ఈ కోవలోవే. ఓన్ డ్యామేజీలో (మన బండి నష్టానికి ఇచ్చే కవర్‌లో) జీరో డిప్రిసియేషన్‌తో, అంటే పాతబడిన భాగాల తరుగు కోయకుండా ఇచ్చే కవర్‌తో పాటు బ్యాటరీకి, ఛార్జర్‌కు కవర్ అడిగి తీసుకోండి. సర్వీసులో ఇంజనాయిల్, బెల్టులు, క్లచ్ ఖర్చు లేదు. టైర్లు మాత్రం తొందరగా అరుగుతాయి, రెండు టన్నుల బరువు, ఎకాఎకి లాగే మోటారు రెండూ వాటి మీదే పడతాయి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

షోరూమ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి సంతకం పెట్టకండి. బండిని మీ అపార్ట్‌మెంట్‌కు తీసుకురమ్మనండి. అద్దాలతో కలిపి ఈ బండి వెడల్పు 2,132 మిల్లీమీటర్లు. సెల్లార్ ర్యాంపు మలుపు తిరుగుతుందా, మీ రెండు పిల్లర్ల మధ్య పెట్టాక డ్రైవర్ తలుపు తెరుచుకుంటుందా చూడండి. ఛార్జింగ్ పోర్టు ఏ వైపు వస్తోందో, సాకెట్ పెట్టబోయే చోటు నుంచి కేబుల్ పక్కవాళ్ల దారికి అడ్డం పడకుండా అందుతుందో కొలవండి. మధ్యాహ్నం ఎండలో పెట్టి ఉంచిన బండి ఎక్కి, ఏసీ వెనక సీటును ఎంతసేపట్లో చల్లబరుస్తోందో గమనించండి. స్పేర్ టైరు ఉందో, పంక్చర్ కిట్టే ఇస్తారో ఆ వేరియంట్‌కు అడగండి. స్క్రీన్, కెమెరాలు మొరాయిస్తే డెలివరీకి ముందే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించమని కాగితం మీద రాయించుకోండి.